చిగుళ్ల వాపుతో పంటి ఎముక ఎందుకు కరుగుతుంది?

అనంతపురంలో అమ్మకు పళ్లు కదులుతున్నాయి, ఎక్స్‌రేలో ఎముక తగ్గిందన్నారు, ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనా అని అడిగారు.

చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే పళ్ల మీద మరకలు పడతాయి. పంటి చుట్టూ ఎముక కరగడానికి ముఖ్య కారణం మాత్రం చిగుళ్ల కింద పేరుకున్న పాచి, గార. అందులోని బ్యాక్టీరియాను ఎదుర్కోవడానికి మన రోగనిరోధక కణాలు అక్కడికి చేరి కొన్ని రసాయనాలు వదులుతాయి. వాపు ఏళ్ల తరబడి తగ్గకపోతే, అవే రసాయనాలు ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలను ఉసిగొల్పుతాయి. అంటే ఎముకను ఎక్కువగా దెబ్బతీసేది మన శరీరం చేసే పోరాటమే. నొప్పి పెద్దగా ఉండదు, అందుకే చాలామంది ఆలస్యంగా వస్తారు. షుగర్, పొగాకు తోడైతే ఇంకా వేగం.

క్లీనింగ్‌తో పళ్లు వదులవుతాయన్న భయం వద్దు. గార తీస్తేనే వాపు తగ్గుతుంది. పోయిన ఎముక దానంతట అది పూర్తిగా తిరిగి రాదు కాబట్టి అమ్మగారిని ఈ వారమే చిగుళ్ల డాక్టరుకు చూపించండి.