మీ ప్రశ్నలు: పాలిమర్ మెమరీ 3 వోల్టులకే ఆన్ అయితే?

ప్రశ్న: పీవీడీఎఫ్-టీఆర్‌ఎఫ్‌ఈ (70:30) అనే ఫెర్రోఎలక్ట్రిక్ పాలిమర్‌లో పదో వంతు పీ3హెచ్‌టీ అనే సెమీకండక్టర్ పాలిమర్ కలిపి, టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో కరిగించి, బంగారు ఎలక్ట్రోడ్ ఉన్న గాజు మీద స్పిన్ కోటింగ్ (వేగంగా తిప్పి పలచని పొర వేయడం) చేశాం. మందం 200 నానోమీటర్లు, పైన వెండి ఎలక్ట్రోడ్. పొర తెల్లగా మసకబారింది, సగం సెల్స్ షార్ట్ అయ్యాయి. మిగిలినవి 3 వోల్టులకే ఆన్ అయి, వోల్టేజి తీసేసినా అలాగే ఉన్నాయి. మెమరీ పనిచేసినట్టేనా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఏదో మెమరీ ఉంది, కానీ అది ఫెర్రోఎలక్ట్రిక్ మెమరీ (పదార్థంలోని విద్యుత్ ధ్రువణం దిశ రూపంలో సమాచారాన్ని దాచేది) అయ్యే అవకాశం చాలా తక్కువ. 2008లో గ్రోనింగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపిన ఇలాంటి మిశ్రమంలో సమాచారాన్ని దాచేది ఫెర్రోఎలక్ట్రిక్ పాలిమర్, కరెంటు మోసేది పీ3హెచ్‌టీ. ధ్రువణం ఒక దిశలో ఉంటే వెండి నుంచి పీ3హెచ్‌టీలోకి హోల్స్ (ధనావేశ వాహకాలు) వెళ్లడానికి ఉన్న అడ్డంకి తగ్గుతుంది. దిశ మారితే మళ్లీ పెరుగుతుంది. ఆ దిశ మారడానికి మైక్రోమీటరుకు సుమారు 50 వోల్టులు కావాలి. మీ మందానికి లెక్క వేస్తే 10 వోల్టులు. 3 వోల్టులకే మారిందంటే, వెండి అయాన్లు పొరలోకి చొచ్చుకుపోయి సన్నని లోహపు దారి కట్టాయని ముందుగా అనుమానించాలి.

తేల్చుకోవడం కష్టం కాదు. ఒకే పొర మీద 0.1, 1 చదరపు మిల్లీమీటరు ఎలక్ట్రోడ్లు వేయండి. ఆన్ కరెంటు కూడా దాదాపు పదింతలైతే అది పొరంతటి నుంచీ వస్తోంది. రెండింటిలోనూ ఒకేలా ఉంటే లోహపు దారే. ఆ తర్వాత మందం రెట్టింపు చేసి చూడండి, ఆన్ అయ్యే వోల్టేజి కూడా రెట్టింపు కావాలి. ఆన్‌లో ఉన్న సెల్‌ను చల్లబరచడం మరో పరీక్ష: పీ3హెచ్‌టీలో కరెంటు తగ్గుతుంది, లోహంలో తగ్గదు. కొలిచేటప్పుడు కరెంటుకు పరిమితి పెట్టడం మరవద్దు.

ఇక తెల్లదనం. అది మీ ఊరి గాలిలోని తేమ పని. టీహెచ్‌ఎఫ్ వేగంగా ఆవిరవుతూ పొరను చల్లబరుస్తుంది, నీరు చేరుతుంది, నీటిలో కరగని పాలిమర్లు ముందే విడిపోయి పొర గుల్లబారుతుంది. పైన వేసిన లోహం ఆ రంధ్రాల్లోకి దిగుతుంది. సగం షార్టులకు ఇదొక్కటే చాలు. నీరు తీసేసిన టీహెచ్‌ఎఫ్ వాడండి, ద్రావణాన్ని టెఫ్లాన్ ఫిల్టర్‌తో వడకట్టండి, కోటింగ్ గ్లవ్‌బాక్స్‌లో (తేమ లేని మూసిన పెట్టెలో) చేయండి. అది లేకపోతే కోటర్ మూత మూసి, పొడి నైట్రోజన్ నింపాక తిప్పండి. మసకబారిన పొర మీద ఎలక్ట్రోడ్ వేసి వెండి వృథా చేయొద్దు.

తర్వాత పొరను వాక్యూమ్‌లో 135–140 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఉంచి, నెమ్మదిగా చల్లార్చండి. 150 చేరితే పాలిమర్ కరిగిపోతుంది. మళ్లీ గట్టిపడ్డాక స్ఫటికాల దిశ మారి ధ్రువణం బాగా పడిపోతుంది. వెండిని మొదట సెకనుకు 0.1 నానోమీటరు వేగంతోనే వేయండి.

ప్రశ్న: ఇలాంటి మెమరీతో పెన్‌డ్రైవ్ చేయొచ్చా?

జవాబు: చేయలేం. ఫ్లాష్ చిప్‌లో పట్టినన్ని బిట్లు ఇందులో పట్టవు. పైగా సుమారు 110 డిగ్రీలు దాటితే ధ్రువణం చెరిగి, రాసింది పోతుంది. ప్లాస్టిక్ మీద ముద్రించే లేబుళ్లకు మాత్రం సరిపోతుంది. నార్వే సంస్థ థిన్‌ఫిల్మ్ గతంలో ఫెర్రోఎలక్ట్రిక్ పాలిమర్‌తో ముద్రించిన ఒక మెమరీలో ఉన్నవి 20 బిట్లే.