ఎగుమతి అంటే లారీకెక్కించడమా?

సందేహం: బరంపురంలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు గుమస్తాని. మా కలాసీలు లారీకి బస్తాలెక్కించి ‘ఎగుమతి అయిపోయింది బాబూ’ అంటారు. విదేశాలకు పంపడం కదా ఎగుమతి? వాళ్లది తప్పు వాడుకా? అలాగే సప్లై చైన్‌ని ‘సరఫరా గొలుసు’ అనొచ్చా? లాజిస్టిక్స్‌కి తెలుగేమిటి?

సమాధానం: తప్పు కాదండీ. నన్నడిగితే ఆ మాట అసలు అర్థం కలాసీల దగ్గరే భద్రంగా ఉంది. ఎగువ, ఎగయు, ఎగురు అన్న మాటల్లో ఉన్న ‘ఎగు’కి పైకి అనే అర్థం. సరుకు పైకెత్తి బండికో పడవకో ఎక్కిస్తే ఎగుమతి, దించితే దిగుమతి. తమిళులూ ఏట్రుమది, ఇరక్కుమది అంటారు. అక్కడా ఎక్కించడం, దించడమే. మీ పక్కనున్న గోపాల్‌పూర్‌లో ఒకప్పుడు ఓడలు ఒడ్డుదాకా రాలేక దూరంగా లంగరు వేసుకునేవి. సరుకును మసూలా పడవల్లోకెత్తి అలల మీదుగా వాటికి చేర్చేవారు. ఓడెక్కిన సరుకు ఎటూ పైదేశం పోయేదే కనుక, ఎక్కించడానికున్న మాటకే విదేశాలకు పంపడమనే అర్థం అబ్బి ఉంటుంది.

మీరు రోజూ వినే ఒడియాలో ఎగుమతి రప్తానీ, దిగుమతి ఆమదానీ. రెండూ పారసీ మాటలే: ఒకటి వెళ్లడం నుంచి, ఇంకోటి రావడం నుంచి పుట్టాయి. అక్కడ సరుకు రాకపోకలు కనిపిస్తాయి. మన మాటలో బరువుల మోత కనిపిస్తుంది.

ఆఫ్రికా జీడిపిక్కలు విశాఖ రేవుకొస్తే దేశానికది దిగుమతి. అవే లారీకెక్కేటప్పుడు ఎగుమతి, పలాస ఫ్యాక్టరీ దగ్గర మళ్లీ దిగుమతి! ఎవరూ తికమకపడరు. మీరు మాత్రం కాగితాల దగ్గర జాగ్రత్తపడాలి. జీఎస్టీలో సరుకు ఎగుమతి అంటే దేశం దాటించడమే, దాని పన్ను లెక్క వేరు. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వెళ్లే సరుకు రాష్ట్రం దాటినా ఎగుమతి కాదు. కూలి పద్దులో ‘ఎగుమతి కూలి’ అని నిక్షేపంగా రాయండి, ఇన్‌వాయిస్‌లో వద్దు.

‘సరఫరా గొలుసు’ ఇంగ్లీషుకు నకలే అయినా పనికొస్తుంది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయెజ్ కాలువకు అడ్డంపడి ఆరు రోజులు దారి మూసేసింది. అప్పుడు గొలుసు తెగిందంటే ఇంకేం వివరించాలి? అయితే లారీల రాకపోకలకొక్కదానికే ఆ పేరు పెట్టకండి. పిక్కలు కొనడం, వేయించి ఒలవడం, పప్పు అమ్మడం అన్నీ ఆ గొలుసులోవే. అందులో మోత, నిల్వ, ప్యాకింగ్ చూసుకునేది లాజిస్టిక్స్. దాన్ని ‘సరుకు రవాణా’ అంటే నిల్వ జారిపోతుంది. లాజిస్టిక్స్ అనే రాసేయండి, టెన్షన్ లేదు.

గోడౌన్‌ని మాత్రం గిడ్డంగి అనండి. ఆ ఇంగ్లీషు మాటకీ కిందికి దిగడానికీ ఏ సంబంధమూ లేదు. అది మలయా భాషలోని ‘గుదాంగ్’ నుంచి వచ్చింది. ఆ గుదాంగ్ మన గిడ్డంగి నుంచో, తమిళ కిడంగు నుంచో వెళ్లిందని నిఘంటుకారులు చెబుతుంటారు.