అమ్మాయి కెనడా పౌరసత్వ పరీక్ష రాసేలోపు పొలం రాసివ్వాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి, అల్లుడు, అయిదేళ్ల మనవరాలు కెనడాలో శాశ్వత నివాసులుగా ఉంటున్నారు. పాప ఇక్కడే పుట్టింది, ఏడాది నిండకముందే తీసుకెళ్లారు. ఇప్పుడు ముగ్గురూ అక్కడి పౌరసత్వానికి దరఖాస్తు చేయబోతున్నారు. పరీక్ష పాసై ప్రమాణం చేస్తే అమ్మాయికి ఇక్కడి ఆస్తిపై హక్కు పోతుందని, చికిటి దగ్గరున్న రెండెకరాల పొలాన్ని ఆలోపే దానపత్రం రాసి ఇచ్చేయమని బంధువులు తొందరపెడుతున్నారు. దరఖాస్తు ఖర్చులకు నా ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి పంపుదామనుకుంటున్నాను. పాప పుట్టిన కొత్తలో పోస్టాఫీసులో నేనే తెరిచిన సుకన్య సమృద్ధి ఖాతాను ఇప్పటికీ నడుపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, నమస్కారం. ముందుగా ఒక్క మాట: ఆ దానపత్రం రాయకండి. మీ బంధువులు మీ మేలు కోరే చెబుతున్నారు, అందులో నాకు సందేహం లేదు. కానీ వారు భయపడుతున్న మార్పు పరీక్ష రోజున వచ్చేది కాదు, అమ్మాయి అక్కడ స్థిరపడటానికి వెళ్లిన నాడే వచ్చేసింది. విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా, వ్యవసాయ భూమి విషయంలో చూసేది ప్రధానంగా మనిషి ఎక్కడ నివసిస్తున్నారన్నదే. భారత పాస్‌పోర్టుతోనే విదేశంలో ఉంటున్న ప్రవాస భారతీయులైనా, అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) పొందినవారైనా, ఇక్కడ పొలాన్నీ తోటనూ ఫామ్‌హౌస్‌నూ కొనకూడదు, దానంగా పుచ్చుకోకూడదు. కాబట్టి ఇవాళ మీరు దానపత్రం రిజిస్టరు చేయించినా అది నిబంధనలకు విరుద్ధమైన బదిలీయే అవుతుంది. పర్లాకిమిడి వైపు ఒక కుటుంబం ఇలాగే తొందరపడి విదేశంలో ఉన్న కొడుకు పేరిట మాగాణి దానం రాసింది. రిజిస్ట్రేషన్ సాఫీగానే జరిగిపోయింది, కానీ ఏళ్ల తరువాత అమ్మి ఆ డబ్బును విదేశానికి పంపుకోబోతే, భూమి ఎలా వచ్చిందని బ్యాంకు అడిగిన ప్రశ్నకు వారి దగ్గర సమాధానం లేకపోయింది. ఆ కాగితాలు పట్టుకుని వారు నా దగ్గరికి వచ్చేసరికి చేయగలిగింది చాలా తక్కువ.

అయితే అదే చట్టం వారసత్వంగా వచ్చే ఆస్తికి అడ్డు చెప్పదు. మీ తదనంతరం వీలునామా ద్వారా గానీ వారసత్వ చట్టం ప్రకారం గానీ అమ్మాయికి ఇల్లయినా పొలమైనా సంక్రమించవచ్చు, ఆమె అప్పటికి కెనడా పౌరురాలై ఉన్నా సరే. పొలాన్ని ఆమె తరువాత అమ్ముకోదలచుకుంటే భారతదేశంలో నివసించేవారికి అమ్ముకోవచ్చు. అందుచేత మీరు చేయవలసింది వీలునామా. దానికి స్టాంపు ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే మంచిదని నేను గట్టిగా చెబుతాను. సాక్షులు ఇద్దరు ఉండాలి, వారు ఆస్తిలో భాగం పొందేవారు కాకూడదు.

మన సరిహద్దు జిల్లాలవారికి ఇక్కడే ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా భూమి పట్టాలో అది చివరికి వెళుతుంది, కొన్నిచోట్ల ఒక్క అక్షరంగా మిగులుతుంది, పెళ్లయ్యాక పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు చేరుతుంది. ముప్పై ఏళ్ల తరువాత తహసీల్ కార్యాలయంలో కూర్చున్న ఉద్యోగికి ఈ మూడు పేర్లూ ఒకే మనిషివని ఎవరు చెబుతారు? కాబట్టి వీలునామాలో అమ్మాయి పేరును పుట్టింటి పేరుతోనూ ప్రస్తుత పాస్‌పోర్టులో ఉన్న విధంగానూ రెండు రకాలుగా రాయించండి. కెనడా పాస్‌పోర్టు వచ్చాక అందులో పేరు మారితే ఒక అనుబంధ పత్రం చేర్చండి. వీలునామా తెలుగులో రాసుకోవడంలో తప్పులేదు, దానికి ఒడియా అనువాదం జతచేయించండి. మీ పొలం వివరాలను ఒడిశా భూమి రికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైట్‌లో తీసి, ఖాతా నంబరు, ప్లాటు నంబరు అక్షరం పొల్లుపోకుండా ఎక్కించండి. ఇక మీరు ఉంటున్న ఇంటిని అమ్మాయికి దానంగా ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది, అయినా మీరూ మీ శ్రీమతి గారూ ఉన్నంతకాలం ఆ ఇల్లు మీ పేరిటే ఉండాలన్నది నా అభిప్రాయం.

పరీక్ష సంగతి. పద్దెనిమిది నుంచి యాభై నాలుగేళ్ల వయసువారే దానిని రాయాలి, అంటే మీ అమ్మాయి, అల్లుడు మాత్రమే. నలభై అయిదు నిమిషాల్లో ఇరవై ప్రశ్నలకు జవాబివ్వాలి, పదిహేను సరైతే చాలు. చదువుకోవడానికి అక్కడి ప్రభుత్వమే పుస్తకాన్ని ఉచితంగా ఇస్తుంది, కాబట్టి డబ్బు కట్టి శిక్షణ తీసుకోవలసిన పనిలేదు. ఒకసారి తప్పినా మళ్లీ రాసే అవకాశం ఇస్తారు, రుసుము మళ్లీ కట్టనక్కరలేదు. పాపకు పరీక్షా లేదు, పద్నాలుగేళ్లు నిండనందువల్ల ప్రమాణం చేయవలసిన అవసరమూ లేదు. తల్లిదండ్రులతో పాటే ఆమె దరఖాస్తూ వెళుతుంది.

2025లో సవరించిన రుసుముల ప్రకారం పెద్దవారికి ఒక్కొక్కరికి 649.75 కెనడా డాలర్లు, పాపకు 100, మొత్తం 1,399.50 డాలర్లు. డాలరును 62 రూపాయలుగా లెక్కిస్తే ఇది దాదాపు 87,000 రూపాయలు. రుసుములు మారుతుంటాయి కనుక కట్టే రోజున సరిచూసుకోమనండి. ఇద్దరు సంపాదిస్తున్న ఇంటికి ఇది మోయలేని భారం కాదు. మీ డిపాజిట్‌ను గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది, పైగా అది మీ వైద్య అవసరాలకు అండగా ఉన్న డబ్బు. దయచేసి దానిని కదపకండి.

ఈ రుసుములో డబ్బు నిజంగా పోయే చోటు వేరే ఉంది. దరఖాస్తుకు ముందరి అయిదేళ్లలో పెద్దవారు ఒక్కొక్కరూ కనీసం 1,095 రోజులు కెనడాలో ఉండి ఉండాలి. పురుళ్లకూ పెళ్లిళ్లకూ బరంపురం వచ్చి గడిపిన వారాలు ఇందులోంచి తీసేయాలి. రోజులు చాలక దరఖాస్తు తిరస్కరిస్తే, 2025 రుసుముల లెక్కన 649.75లో 119.75 డాలర్లు మాత్రమే తిరిగి వస్తాయి, మిగిలిన 530 రావు. అందువల్ల పాస్‌పోర్టు ముద్రలను, విమాన టికెట్లను ముందు పెట్టుకుని ఇద్దరి రోజులూ విడివిడిగా లెక్కించి, ఒక నెల మిగులు చూసుకున్నాకే పంపమనండి. ప్రమాణం తరువాత పన్ను పెరుగుతుందేమోనన్న శంక కూడా వద్దు. కెనడా పన్ను వేసేది నివాసాన్ని బట్టి, పౌరసత్వాన్ని బట్టి కాదు.

సుకన్య ఖాతా విషయంలో మాత్రం నేను మీకు నచ్చని మాట చెప్పాలి. అది భారతదేశంలో నివసించే బాలికల కోసం ఉద్దేశించిన పథకం. తాతలు, అమ్మమ్మలు తెరిచిన ఖాతాల సంరక్షణను కన్నవారి పేరిటకు మార్చాలన్న కేంద్ర ప్రభుత్వ ఆదేశం 2024 అక్టోబరు 1 నుంచే అమల్లో ఉంది. మనవరాలి పేరున్న ఆ పాసుపుస్తకాన్ని మీరు ఎంత మురిపెంగా దాచుకున్నారో ఊహించగలను. అయినా ఇకపై అందులో ఒక్క రూపాయి వేయకండి. పాప విదేశంలో నివసిస్తున్నదని పోస్టాఫీసుకు రాతపూర్వకంగా తెలిపి, అమ్మాయి సంతకంతో ఖాతా మూసివేతకు దరఖాస్తు ఇవ్వండి. ఆలస్యం చేసినకొద్దీ వడ్డీ విషయంలో అభ్యంతరాలు పెరుగుతాయి.

పాప చదువుకు మీ చేతి డబ్బు చేరాలన్న కోరికకు మరొక దారి ఉంది. కెనడాలో పిల్లల చదువు కోసం ఆర్‌ఈఎస్‌పీ అనే పొదుపు ఖాతా ఉంటుంది. అందులో ఏడాదికి 2,500 డాలర్లు వేస్తే ప్రభుత్వం తన వంతుగా ఇరవై శాతం, అంటే 500 డాలర్లు కలుపుతుంది. ఒక బిడ్డకు మొత్తం 7,200 డాలర్ల వరకు ఇలా ఇస్తుంది. దీనికి పౌరసత్వం వచ్చేదాకా ఆగనవసరం లేదు, శాశ్వత నివాసి అయిన పాపకు ఇవాళైనా అర్హత ఉంది. ఖాతాను అమ్మాయి తెరవాలి, మీరు మీ పెన్షన్ మిగులులోంచి ఆమెకు కానుకగా పంపవచ్చు. ఏడాదికి పది లక్షల రూపాయలు దాటనంతవరకు ఇలా పంపేటప్పుడు బ్యాంకు టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను, వసూలు చేయదు.

ఇంకొకటి. ప్రమాణం చేసిన క్షణం నుంచి 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం వారి భారత పౌరసత్వం ముగిసిపోతుంది, ఆ పాస్‌పోర్టుతో ఇక ప్రయాణించకూడదు. పాస్‌పోర్టు అప్పగించి, ముగ్గురికీ ఓసీఐ తీసుకోవడానికి ఒక్కొక్కరికి 275 అమెరికా డాలర్లకు సమానమైన రుసుము, కొన్ని వారాల సమయం పడతాయి. పండుగకు మనవరాలు రావాలని మీరు ఎదురుచూస్తుంటారు. కానీ ఓసీఐ కార్డులు గానీ వీసాలు గానీ చేతికి వచ్చేదాకా ముగ్గురి టికెట్లూ కొనవద్దని అల్లుడు గారికి ఇప్పుడే చెప్పండి.