పెంకుటింట్లో అటక కంత పెద్దది చెయ్యాలంటే దంతె కొయ్యాల్సిందేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. పర్లాకిమిడిలో పాత పెంకుటిల్లు, అటక ఎక్కే కంత అడుగున్నర చదరం. ట్రంకుపెట్టెలు, బియ్యం బస్తాలు అందులోంచి ఎక్కడం లేదు. పక్కనున్న దంతె (అటక పలకల్ని మోసే కర్ర) కోసేస్తే సరిపోతుందని మిస్త్రీ అంటున్నాడు. కోయొచ్చా?

నా సలహా అయితే ముందు దంతెల మధ్య ఖాళీ కొలవండి. 20 అంగుళాలకు తగ్గకుండా ఉంటే దంతె కోసే పనే లేదు. కంతను దంతె వెంబడి పొడుగ్గా, 36 అంగుళాల దాకా తెరవండి. నిచ్చెన ఎక్కే మనిషికి వెడల్పు కన్నా పొడుగే ఎక్కువ కావాలి. నిచ్చెన ప్రతి నాలుగడుగుల ఎత్తుకు అడుగు చొప్పున వాలుగా ఉండాలి, అంటే పదడుగుల ఎత్తుకు కాళ్లు రెండున్నర అడుగులు బయటికి రావాలి. ఆ వాలులో ఎక్కుతుంటే అడుగున్నర కంతలో వీపు వెనక అంచుకి తగులుతుంది. అందుకే అందరూ నిచ్చెనను నిటారుగా పెట్టేస్తారు, అది వెనక్కి తిరగబడుతుంది. పొడుగు పెంచితే ఈ బాధ పోతుంది, పెట్టె కూడా నిలువునా దూరుతుంది. ఈ పనిలో కోసేది పలకల్నే. వాటి కోసిన చివరలు గాలిలో వేలాడకుండా, రెండు దంతెల మధ్య 3×2 అంగుళాల అడ్డకర్ర ఒకటి బిగించండి.

ఖాళీ 15, 16 అంగుళాలే ఉంటే దంతె కోయక తప్పదు. అప్పుడైనా కోయదగ్గది గోడకీ దూలానికీ మధ్య ఉన్న చిన్న దంతెనే. దూలం జోలికి అసలు వెళ్లకండి. పెంకుల బరువుకి వాసాలు గోడల్ని బయటికి నెడుతుంటాయి, ఆ గోడల్ని పట్టి ఉంచేది దూలం. మనది ఫైలిన్, తిత్లీ తుపాన్లు చూసిన నేల. గాలివాన రోజున ఆ పట్టు లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

దంతెను ముందు పరీక్షించండి. స్క్రూడ్రైవర్ మొనతో గోడలోకి దూరిన చివర దగ్గర పొడవండి. తేమ నిలిచేదీ చెదలు మొదలయ్యేదీ అక్కడే. మంచి గుగ్గిలం (సాల) కర్రలోకి మొన దిగదు, సుత్తితో కొడితే ఖంగుమంటుంది. పావు అంగుళం దిగినా, బోలు శబ్దం వచ్చినా పని ఆపి, ముందు ఆ దంతెల సంగతి చూడండి. 2018లో తిత్లీకి పెంకులు లేచిపోయి అటక తడిసిన ఇళ్లలో ఇది మరీ ముఖ్యం.

పలకల మీద మట్టి పరిచి ఉంటే దాని బరువు తక్కువగా అంచనా వేయకండి. నాలుగు అంగుళాల మందాన మట్టి చదరపు అడుగుకు 15 కిలోలు దాటుతుంది. కోత చుట్టూ అడుగున్నర మేర తీసేశాకే రంపం పట్టండి. అటక మీద సామాను కూడా ఆ గదిపై నుంచి దించేయండి. గబ్బిలాల పెంట, ఎలుకల పెంట ఉంటే పొడిగా ఊడవకండి. నీళ్లు చిలకరించి, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని ఎత్తండి. కింద సిమెంటు రేకుల సీలింగు ఉంటే మాత్రం గ్రైండరు పెట్టొద్దు. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. తడిపి, మేకులు విప్పి, రేకును ముక్క చెయ్యకుండా దించండి.

కరెంటు విషయంలో స్విచ్ ఆపితే చాలదు. మెయిన్ ఆపి ఫ్యూజు తీసి జేబులో వేసుకోండి. పాత ఇళ్లలో చెక్క కేసింగులో వేసిన తీగలు దంతెల పక్కనుంచే పోతాయి, పైపొరను ఎలుకలు కొరికేసి ఉంటాయి.

ఇక అసలు పని. కోయబోయే దంతె కింద కోతకు అటూ ఇటూ రెండడుగుల దూరంలో సెంట్రింగు జాకీలు (స్లాబు పోసేటప్పుడు కింద ఆనించే ఇనుప స్తంభాలు) నిలబెట్టండి. పైన 4×3 కర్ర మూడు దంతెలకూ ఆనేలా అడ్డంగా, కింద మందపాటి చెక్క పెట్టండి. గచ్చు మీద జాకీ నేరుగా నిలబెడితే గుంట పడుతుంది. జాకీని ఆనేదాకానే తిప్పండి, పైకి ఎత్తొద్దు. ఎత్తితే పైన గోడ పగులుతుంది.

కోసే ముందే పక్క దంతెలు రెండింటికీ బలం చేకూర్చాలి. కోసిన దంతె మోసిన బరువులో కొంత ఇకపై వాటి మీదికి వస్తుంది. ఒక్కోదానికి అదే లోతు ఉన్న కొత్త కర్రను, రెండు చివరలూ గోడ మీదా దూలం మీదా ఆనేలా, జోడించి 12 మిల్లీమీటర్ల బోల్టులతో అడుగున్నరకొకటి, పైకీ కిందికీ మార్చి బిగించండి. రెండు వైపులా వెడల్పు వాషర్లు తప్పనిసరి. గుగ్గిలంలో మేకు వంగుతుంది, లేదా కర్ర చీలుతుంది. డ్రిల్లుతో రంధ్రం వేశాకే ఏదైనా.

తర్వాత కోత. మార్బుల్ కట్టరుకి చెక్క బ్లేడు తగిలించి తలపైన కోసే పద్ధతి ఈ మధ్య ఎక్కువైంది. దయచేసి వద్దు. పాత మేకు తగిలిందంటే మిషను వెనక్కి మొహం మీదికే ఎగురుతుంది. చేతిరంపం నెమ్మదే కానీ నమ్మకం. కోసే ముక్కకు ముందే తాడు కట్టి పైన దూలానికి వేలాడదీయండి. రెండడుగుల గుగ్గిలం ముక్క నాలుగు కిలోల దాకా ఉంటుంది.

కోసిన రెండు చివరలకూ ఒక్కో అడ్డదంతె, పాత దంతెంత లోతుది, రెండు పక్క దంతెల మధ్య ఇరుకుగా కూర్చోవాలి. మూలలకు కమ్మరి దగ్గర 5 మిల్లీమీటర్ల ఇనుప పట్టీతో యూ ఆకారం కొక్కేలు చేయించుకుంటే కర్ర వాటిలో కూర్చుంటుంది. బరువును మేకుల మీద వదిలేసిన చోట కర్ర మెల్లగా కిందికి జారుతుంది. కోసిన ముఖాలకు చెదల మందు రెండు పూతలు పూయండి.

సిమెంటు అటక ఉన్నవాళ్లకు పైవేవీ వర్తించవు. ఇనుప చువ్వలు కోయాల్సి వస్తుంది కాబట్టి ఇంజనీరు చూడాల్సిందే.

కంత చుట్టూ నాలుగు అంగుళాల ఎత్తు అంచుచెక్క కొట్టండి, పైనున్న వస్తువులు కిందివాళ్ల తల మీదికి దొర్లవు. మూత 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు, రెండు మూడడుగులది నాలుగు కిలోలుంటుంది. పైకి తెరుచుకునేలా బందులు వేసి, వెనక్కి పడకుండా గొలుసు పెట్టండి. కొత్త కర్ర ఎండకి ముడుచుకుంటుంది కాబట్టి, ఒక వేసవి గడిచాక బోల్టుల నట్లు మళ్లీ బిగించండి.