అభ్యర్థి ఆరోగ్యం బాగాలేదని నామినేషన్ ఆపించవచ్చా?

ప్రశ్న: మా నియోజకవర్గంలో పోటీకి సిద్ధమవుతున్న నాయకుడికి డెబ్బై దాటాయి. ఏడాదిగా ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నారు. సభల్లో మాట తడబడుతోంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎత్తు, ఛాతీ కొలిచి, కంటిచూపు పరీక్షించి గానీ తీసుకోరు. చట్టాలు చేసే ఎమ్మెల్యేకి ఏ పరీక్షా ఎందుకు లేదు? నామినేషన్ల పరిశీలన రోజు నేను అభ్యంతరం చెప్పవచ్చా? ఆయన మెడికల్ రిపోర్టులు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చా? అభ్యర్థులందరికీ వైద్య పరీక్ష తప్పనిసరి చేయమని హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేస్తే నిలుస్తుందా?

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తాను. ఒంట్లో బాగాలేదన్న కారణంతో నామినేషన్ తిరస్కరించే అధికారం రిటర్నింగ్ అధికారికి లేదు. మీరు అభ్యంతరం రాసిస్తే తీసుకుంటారు, కానీ అది నిలవదు. మెడికల్ రిపోర్టులు సమాచార హక్కు కింద రావు. పిల్ విషయం కాస్త వివరంగా చెప్పాలి. మీ ఆందోళనలో న్యాయం ఉంది. అయితే మీరు అడిగిన మందు ఆ జబ్బుకు పనిచేయదని నా అభిప్రాయం.

చట్టం ఏమంటుందో చూద్దాం. అసెంబ్లీకి పోటీ చేయాలంటే భారత పౌరుడై ఉండాలి, 25 ఏళ్లు నిండాలి, రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చేయాలి. ఇవి రాజ్యాంగం 173వ అధికరణంలో ఉన్నాయి. ఆ రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉండాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. గరిష్ఠ వయసు అంటూ లేదు. మొరార్జీ దేశాయ్ 1977లో ప్రధాని అయ్యేనాటికి ఆయనకు 81 ఏళ్లు.

అనర్హతలు 191వ అధికరణంలో ఉన్నాయి. పార్లమెంటు సభ్యులకు ఇవే 102లో ఉంటాయి. అందులో ఆరోగ్యాన్ని తాకేది ఒక్కటే: మతిస్థిమితం లేని వ్యక్తి అయి ఉండి, ఆ సంగతిని తగిన కోర్టు ప్రకటించి ఉండాలి. రెండూ కలిసి ఉంటేనే అనర్హత. డాక్టరు చీటీ చాలదు, ఊళ్లో అందరూ అనుకోవడం అసలే చాలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 3(5) దీన్ని ఇంకా గట్టి చేసింది. ఒక మనిషికి మానసిక వ్యాధి ఉందని తేలినంత మాత్రాన, కోర్టు ప్రకటించకుండా అతన్ని మతిస్థిమితం లేనివాడిగా భావించకూడదని అందులో ఉంది. డిప్రెషన్‌కు మందులు వాడే మనిషి నిక్షేపంగా పోటీ చేయవచ్చు.

మీకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటుంది. అభ్యర్థి చేయాల్సిన ప్రమాణం ఎవరి ముందు చేయాలో ఎన్నికల సంఘం నిర్ణయించింది. ఆస్పత్రిలో మంచం పట్టి ఉన్న అభ్యర్థి అక్కడి మెడికల్ సూపరింటెండెంట్ ముందు గానీ, వైద్యం చేస్తున్న డాక్టరు ముందు గానీ ప్రమాణం చేయవచ్చు. విదేశంలో ఉంటే మన రాయబార కార్యాలయ అధికారి ముందు చేయవచ్చు. రోగి పోటీ చేయవచ్చని మన వ్యవస్థ ముందే ఊహించి దారి పెట్టిందన్నమాట. 1984 డిసెంబరు ఎన్నికల్లో ఎం.జి.రామచంద్రన్ ఆ స్థితిలోనే ఉన్నారు. మూత్రపిండాలు దెబ్బతిని న్యూయార్క్‌లో చికిత్స తీసుకుంటూనే ఆండిపట్టి నుంచి గెలిచారు. మరుసటి ఫిబ్రవరిలో తిరిగొచ్చి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు, 1987 డిసెంబరులో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆయన జబ్బు సంగతి తమిళ ఓటరుకు తెలియనిది కాదు. తెలిసే ఓటేశారు.

ఇక కానిస్టేబుల్ పోలిక. ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. కానిస్టేబుల్‌ను నియమించేది ప్రభుత్వం. పరుగెత్తాలి, లాఠీ పట్టాలి కాబట్టి ఆ పనికి తగిన దేహదారుఢ్యం కోరుతుంది. ఎమ్మెల్యేను నియమించేది మీరు, మీలాంటి మరో లక్షమంది. రాజ్యాంగం రాసినవాళ్లు ఈ సంగతి మరిచిపోయారని అనుకోవడానికి వీల్లేదు. యూపీఎస్సీ సభ్యుడిని మానసిక లేదా శారీరక దౌర్బల్యం కారణంగా రాష్ట్రపతి తొలగించవచ్చని 317వ అధికరణంలో వాళ్లే రాశారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని అసమర్థత రుజువైతే తొలగించవచ్చని 124(4)లో రాశారు. అవే మాటలు ఎంపీ, ఎమ్మెల్యేల దగ్గరికి వచ్చేసరికి రాయలేదు. కావాలనే వదిలేశారని నేను నమ్ముతాను.

మెడికల్ రిపోర్టుల సంగతికి వద్దాం. ప్రైవేటు ఆస్పత్రికి మీరు నేరుగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టలేరు. ప్రభుత్వ ఆస్పత్రి అయినా, వ్యక్తిగత సమాచారం కిందికి వస్తుందని సెక్షన్ 8(1)(జె) ప్రకారం నిరాకరిస్తారు. వైద్య రికార్డులు, చికిత్స, ఏ డాక్టరును కలిశారు, ఏ మందు వాడారు అనేవన్నీ వ్యక్తిగత సమాచారమేనని 2019లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఎవరి ద్వారానో రిపోర్టు సంపాదించి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే పని మాత్రం చేయకండి. లేని జబ్బును అంటగడితే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

పిల్ దగ్గర మీకు ఒక వాదన లేకపోలేదు. 2002లో అసోసియేషన్ ఫర్ డెమోక్రాటిక్ రిఫార్మ్స్ కేసులో సుప్రీంకోర్టు అభ్యర్థి నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని చెప్పింది. పార్లమెంటు దాన్ని కత్తిరించబోతే 2003లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఇవాళ ఫారం 26లో అభ్యర్థి ఇస్తున్న అఫిడవిట్ అలా వచ్చిందే. ఆస్తులు చెప్పమన్నవాళ్లు ఆరోగ్యం కూడా చెప్పమంటే తప్పేముంది అని మీ లాయరు వాదించవచ్చు.

ఎదుటివాళ్ల వాదన ఇంకా బలంగా ఉంటుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చారు. అభ్యర్థి అయినంత మాత్రాన ఆ హక్కు పూర్తిగా పోదని 2024 ఏప్రిల్‌లో అరుణాచల్ ప్రదేశ్ ఎమ్మెల్యే కరిఖో క్రి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఓటరుకు సంబంధం లేని, అభ్యర్థిత్వానికి పనికిరాని విషయాలు బయటపెట్టనక్కర్లేదంది. పైగా మీరు కోరేది వివరాలు వెల్లడించడం ఒక్కటే కాదు, పరీక్ష తప్పితే పోటీకి దూరం పెట్టడం కూడా. కొత్త అర్హత గానీ అనర్హత గానీ పెట్టగలిగేది పార్లమెంటే. కాబట్టి హైకోర్టు మీ పిల్‌ను పార్లమెంటుకు చెప్పుకోండని పంపించేసే అవకాశమే ఎక్కువ.

మరి పార్లమెంటే చట్టం చేస్తే? నిజాయతీగా చెప్పాలంటే, కోర్టులు దాన్ని నిలబెట్టినా నిలబెట్టవచ్చు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ పదవులకు అనర్హులన్న హర్యానా నిబంధనను 2003లో జావేద్ కేసులో సమర్థించారు. చదువు, ఇంట్లో మరుగుదొడ్డి లాంటి షరతులను 2015లో రాజ్‌బాల కేసులో సమర్థించారు. నన్ను ఎక్కువగా బాధపెట్టే తీర్పు 2008 నాటిది, ధీరేంద్ర పాండువా కేసు. కుష్ఠు, క్షయ ఉన్నవాళ్లు కౌన్సిలర్లుగా ఉండటానికి వీల్లేదని 1950 నాటి ఒడిశా మునిసిపల్ చట్టంలో ఉండేది. ఎన్నికైన మనిషి దాంతో పదవి పోగొట్టుకున్నాడు. అప్పటికే కుష్ఠుకు మందుంది, నయమవుతుంది. అయినా సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేయలేదు, శాసనసభ పునరాలోచించాలని మాత్రం సూచించింది. తర్వాత చాలా ఏళ్లకు గానీ ఒడిశా దాన్ని తొలగించలేదు. ఆరోగ్యం పేరుతో ఒక్క వాక్యం చట్టంలో చేరితే, వైద్యం ఎంత ముందుకు పోయినా ఆ వాక్యం కదలదు. తప్పనిసరి పరీక్ష అనగానే నాకు ముందు ఈ కేసే గుర్తొస్తుంది.

ఇండోనేసియాలో అధ్యక్ష అభ్యర్థులకు వైద్య పరీక్ష నిజంగానే ఉంది. 2004లో అబ్దుర్రహ్మాన్ వాహిద్ అందులో తప్పారని అక్కడి ఎన్నికల సంఘం ఆయన్ని పోటీ చేయనివ్వలేదు. ఆయనకు చూపు దాదాపు లేదు, అంతకుముందు పక్షవాతమూ వచ్చింది. కానీ 1999 నుంచి 2001 దాకా ఆ దేశానికి అధ్యక్షుడిగా ఉన్నది ఆయనే! ఆ పరీక్షను మన దగ్గర పెట్టి చూడండి. కంటిచూపు లేని సాధన్ గుప్తా 1953 ఉప ఎన్నికలో కలకత్తా నుంచి లోక్‌సభకు వచ్చి ఉండేవారు కారు. ఆయన తర్వాత పశ్చిమ బెంగాల్ అడ్వకేట్ జనరల్ కూడా అయ్యారు. పసితనంలో పోలియో వచ్చి, జీవితాంతం ఊతకర్రలతో నడిచిన సూదిని జైపాల్ రెడ్డి కల్వకుర్తి దాటేవారు కారు. పార్లమెంటులో ఆయన ప్రసంగాలు విన్నవాళ్లెవరూ ఆయన కాళ్ల గురించి మాట్లాడరు.

ఇలాంటి వాళ్లను మినహాయిద్దాం, ప్రమాదకరమైన జబ్బులే చూద్దాం అంటారా? ఏది ప్రమాదకరమో ఎవరు చెప్పాలి? హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు పదవికి పోటీ చేసే అవకాశం నిరాకరించడం వివక్ష అని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం మూడో సెక్షన్ పేరుపెట్టి మరీ నిషేధించింది. ఇక మెడికల్ బోర్డులో కూర్చునే డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగులు. వాళ్ల బదిలీలు అధికార పార్టీ చేతిలో ఉంటాయి. ప్రతిపక్ష అభ్యర్థి గుండె బలం తేల్చాల్సింది వాళ్లే.

టైము సంగతీ చూడండి. నామినేషన్లకు గడువు ముగిసిన మర్నాడే పరిశీలన. ఎవరైనా అభ్యంతరం చెబితే జవాబుకు మహా అయితే రెండు రోజులు ఇస్తారు. ఆ రెండు రోజుల్లో ఒక మనిషి మెదడు ఐదేళ్లు పనిచేస్తుందా లేదా ఏ న్యూరాలజిస్టు తేల్చగలడు? తప్పుగా తిరస్కరించినా ఎన్నిక మధ్యలో కోర్టుకు వెళ్లే దారి లేదు. 329(బి) అధికరణం అడ్డుపడుతుందని 1952లోనే పొన్నుస్వామి కేసులో తేల్చారు. ఫలితం వచ్చాక 45 రోజుల్లో ఎన్నికల పిటిషన్ వేసుకోవాలి. అది తేలేసరికి పదవీకాలమే అయిపోవచ్చు. నామినేషన్ తప్పుగా తిరస్కరణకు గురైన వాళ్ల పిటిషన్లు చూసినవాడిగా చెబుతున్నాను, తిరస్కరించడానికి ఇంకో కారణాన్ని అధికారి చేతిలో పెట్టడం నాకు భయం.

పరీక్ష వద్దు, అభ్యర్థే తన ఆరోగ్య వివరాలు ప్రకటించాలి అంటే కొంత మేలు. ఇష్టపూర్వకంగా చేస్తే నేను హర్షిస్తాను. కానీ కాగితాన్ని గుడ్డిగా నమ్మలేం. ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాఁ 1981లో గెలవగానే తన ఆరోగ్య నివేదికలు క్రమం తప్పకుండా ప్రకటిస్తానన్నారు. అదే ఏడాది ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. ప్రజలకు 1992లో చెప్పారు. ఆ లోపు వచ్చిన నివేదికలన్నీ ఆయన బాగానే ఉన్నారని చెబుతూ పోయాయి.

మీ బాధకు అసలు చోటు ఎక్కడో ఇప్పుడు చెబుతాను. ఒక ఎమ్మెల్యే జబ్బుపడితే రాష్ట్రం ఆగదు. సభ అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే 190(4) కింద ఆ సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. ముఖ్యమంత్రో ప్రధానో స్పృహలో లేకపోతే ఏం చేయాలి? రాష్ట్రపతి అనారోగ్యం పాలైతే ఉపరాష్ట్రపతి బాధ్యతలు చూస్తారని 65వ అధికరణంలో ఉంది. ముఖ్యమంత్రి, ప్రధాని గురించి అలాంటి ఒక్క మాటా లేదు. 2016 సెప్టెంబరు 22న జయలలిత ఆస్పత్రిలో చేరారు. అక్టోబరు 11న ఆమె శాఖలు మంత్రి పన్నీర్‌సెల్వంకు అప్పగించారు, అదీ ఆమె సలహా మీదేనని రాజ్‌భవన్ ప్రకటన. డిసెంబరు 5న ఆమె చనిపోయారు. ఆ మధ్యకాలంలో ఆమె సలహా ఇవ్వగల స్థితిలో ఉన్నారా అని రాష్ట్రమంతా అడిగింది. దానికి బాధ్యతగా జవాబు చెప్పే వ్యవస్థ ఏదీ లేదు. అమెరికాలో 1919లో అధ్యక్షుడు విల్సన్ పక్షవాతంతో పడిపోతే నెలల తరబడి దాచారు. అలాంటి అనుభవాల తర్వాత 1967లో 25వ రాజ్యాంగ సవరణ తెచ్చుకున్నారు. అధ్యక్షుడు పని చేయలేని స్థితిలో ఉన్నాడని ఉపాధ్యక్షుడు, మంత్రుల్లో మెజారిటీ రాసి ఇస్తే అధికారం తాత్కాలికంగా మారుతుంది. అధ్యక్షుడు కాదంటే కాంగ్రెస్ తేలుస్తుంది. మనకు కావాల్సిన చట్టం ఈ తరహాది. ఓటరు ముందుకు వచ్చే మనిషిని ఆపేది కాదు, అధికారం చేతిలో ఉండి కదల్లేని మనిషి పేరుతో ఇంకెవరో పాలించకుండా ఆపేది.

మీరు చేయగలిగినవి రెండున్నాయి. ఆ నాయకుడు ఓట్లడగడానికి వచ్చినప్పుడు నలుగురి ముందూ మర్యాదగా అడగండి: ‘అయ్యా, ఐదేళ్లు తిరగగలరా? మీకు ఒంట్లో బాగాలేనప్పుడు మా పని ఎవరు చూస్తారు?’ ఓటరుగా అది మీ హక్కు, ఏ సెక్షనూ అడ్డు రాదు. రెండోది, పిల్‌కు పెట్టే ఖర్చు మానేసి లోక్‌సభ పిటిషన్ల కమిటీకి విజ్ఞాపన పంపండి. అందులో అభ్యర్థుల వైద్య పరీక్ష ప్రస్తావన వద్దు. ప్రధాని, ముఖ్యమంత్రి బాధ్యతలు నిర్వహించలేని స్థితిలో ఉన్నప్పుడు ఎవరు తేల్చాలి, ఎన్నాళ్లలో తేల్చాలి, ఆ కాలంలో సంతకం ఎవరిది, ఈ మూడూ చెప్పేలా 75, 164 అధికరణాలను సవరించమని కోరండి.