దేవుడికి భయపడాలా, దేవుడి యందు భయభక్తులా?

సందేహం: సండే స్కూల్లో చిన్నపిల్లలకు బైబిల్లోని సామెతల గ్రంథం చెబుతున్నాను. ‘యెహోవాయందు భయభక్తులు కలిగియుండుట తెలివికి మూలము’ (1:7) దగ్గరకు రాగానే ఒక పాప, ‘దేవుడు మంచివాడే కదా, మరి ఎందుకు భయపడాలి?’ అని అడిగింది. ‘భయం’ తీసేసి ‘గౌరవం’ అని చెప్పవచ్చా? ‘దైవభీతి’ అన్నా ఇదే అర్థమా?

సమాధానం: ఆ పాప అడగాల్సిందే అడిగింది. ‘భయం’ తీసేయకండి. అలాగని వాక్యాన్ని ‘దేవుడికి భయపడాలి’ అని కుదించకండి కూడా. చిక్కంతా ఆ కుదింపులోనే వచ్చింది.

‘భయభక్తులు’ ద్వంద్వ సమాసం. భయమూ ఉంది, భక్తీ ఉంది. అయితే ఇక్కడ అర్థాన్ని తేల్చేది దాని ముందున్న ‘యందు’. భయం దేనివల్ల కలిగితే దానికి ‘వలన’ వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణం కారక పరిచ్ఛేదంలో చెప్పాడు. పులి వలన భయం, దొంగ వలన భయం. వాడుకలో అది ‘పులికి భయపడ్డాడు’, ‘పులంటే భయం’ అయింది. భక్తికైతే ‘యందు’: గురువు యందు భక్తి, తల్లి యందు భక్తి. తెలుగు బైబిల్లో ఉన్నది ‘యెహోవా వలన భయము’ కాదు, ‘యెహోవాయందు భయభక్తులు’. అంటే భయాన్ని కూడా భక్తి విభక్తిలోకి తెచ్చారు. ఎంత మంచి ఎంపికో చూడండి! పులి వలన భయపడ్డవాడు పారిపోతాడు. దేవుడి యందు భయభక్తులు ఉన్నవాడు ఆయన దగ్గరే ఉంటాడు, ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటాడు.

ఇక ‘గౌరవం’. అది తప్పు మాట కాదు గాని, చాలదు. తోటివారినీ గౌరవిస్తాం, సభలో వక్తనూ గౌరవిస్తాం. నిర్గమకాండం 20వ అధ్యాయంలో సీనాయి కొండ పొగలు కక్కుతోంది, ఉరుములు, మెరుపులు. జనం వణికిపోయి దూరంగా నిలబడ్డారు. అప్పుడు మోషే అన్న మాటలో రెండు భయాలూ ఉన్నాయి. మొదట ‘భయపడకండి’ అన్నాడు. వెంటనే, మీరు పాపం చేయకుండా ఆయన భయం మీకు కలగాలనే దేవుడు వచ్చాడన్నాడు. వద్దన్నది హడలిపోయే భయాన్ని. కావాలన్నది తప్పు చేయబోయే చేతిని వెనక్కి లాగే భయాన్ని. ఈ రెండోదానికి తెలుగులో చక్కని మాట ఉంది: పాపభీతి. ‘దైవభక్తి, పాపభీతి ఉన్న మనిషి’ అంటాం. భక్తిని దేవుడి వైపు, భీతిని పాపం వైపు పెట్టే ఈ నుడికారం పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. సామెతలు 8:13 కూడా యెహోవాయందు భయభక్తులంటే చెడుతనాన్ని అసహ్యించుకోవడమే అని సూటిగా చెబుతోంది.

‘దైవభీతి’ పంచమీ తత్పురుషం: దైవం వలన భీతి. పెద్దలు భయభక్తుల అర్థంలోనే వాడుతుంటారు, అర్థమూ చేసుకుంటారు. పిల్లల దగ్గర మాత్రం నేను వాడను. ‘అబద్ధం చెబితే దేవుడు కళ్లు పోగొడతాడు’ అనే బెదిరింపులకు అలవాటుపడిన చెవికి ఆ మాట కూడా బెదిరింపులాగే వినిపిస్తుంది. దయచేసి ఆ బెదిరింపును తరగతిలోకి రానివ్వకండి. అది పిల్లలకు టెన్షన్ మిగులుస్తుందే తప్ప భక్తిని నేర్పదు.

కథ కావాలంటే 1 సమూయేలు 3వ అధ్యాయంలోని బాలుడైన సమూయేలును చూపించండి. రాత్రివేళ దేవుడు పేరు పెట్టి పిలిస్తే, యాజకుడైన ఏలీ పిలిచాడనుకుని ‘చిత్తమండి’ అంటూ ఆయన దగ్గరకు పరుగెత్తాడు. పిలుపు రాగానే లేచి వెళ్లడం, పిలిచినవాడిని పెద్దగా ఎంచి బదులు పలకడం: భయభక్తులు ఆ ఒక్క మాటలోనే కనిపిస్తాయి. ఆ అధ్యాయంలో సమూయేలు భయపడ్డాడని రాసి ఉన్నది ఒక్కచోటే. అది తెల్లవారాక, దర్శనం సంగతి ఏలీకి చెప్పాల్సి వచ్చినప్పుడు. పిల్లలకు ఈ తేడా చూపించండి, వాళ్లే చర్చ మొదలుపెడతారు.

‘ఎందుకు?’ అన్న ప్రశ్నకు జవాబు ఎక్కడ మొదలుపెట్టాలో ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం చెబుతోంది. ఈ ఆజ్ఞలేమిటని రేపు నీ కుమారుడు అడిగితే, ‘మనం ఐగుప్తులో ఫరోకు దాసులం, యెహోవా మనల్ని బయటికి తెచ్చాడు’ అని మొదలుపెట్టమంది. ముందు విడిపించిన సంగతి, ఆ తర్వాతే భయభక్తుల మాట. మీ తరగతిలోనూ ఈ వరసే పాటించండి.

మరో చిన్న సంగతి. ‘భయభక్తులు’ బహువచనం కాబట్టి ‘భయభక్తులు ఉండాలి’, ‘భయభక్తులు ఉన్నాయి’ అనాలి. ‘భయభక్తులు ఉంది’ అనకూడదు. మాటల్లో ‘యందు’ బరువుగా తోస్తే ‘దేవుడి పట్ల భయభక్తులు’ అనండి, అర్థం చెడదు.