జిప్సీ ముందు యాక్సిల్ మొత్తం మార్చాల్సిందేనా?

ప్రశ్న: నమస్తే సార్. నాది 2003 జిప్సీ కింగ్, రెండేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఔటర్ సర్వీస్ రోడ్డు మీద 60 దాటాక చిన్న గుంటలో పడినా స్టీరింగ్ చేతుల్లో నిలవకుండా ఊగిపోతోంది, 30కి తగ్గిస్తే గానీ ఆగదు. వికారాబాద్ దగ్గర మా చేలో ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే ఎడమ పక్క నుంచి టక్ టక్‌మని చప్పుడు. ఆ చక్రం లోపలి వైపు నల్లటి జిడ్డు కూడా కారుతోంది. ఒక మెకానిక్ కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ అదురును తగ్గించే షాక్ అబ్జార్బర్ లాంటిది) వేశాడు, రెండు వారాలు బాగుండి మళ్ళీ మొదలైంది. ఇంకొకాయన యాక్సిల్ మొత్తం పోయింది, పాత బండిది తెచ్చి వేద్దాం అంటున్నాడు. ఇంట్లో వాళ్ళు బండి ఎక్కాలంటేనే భయపడుతున్నారు. ముందు చక్రాల హబ్‌లు (చక్రాన్ని లోపలి షాఫ్టుకు కలిపే లాక్‌లు) చేత్తో తిప్పే రకమే. యాక్సిల్ మార్చేయమంటారా?
– ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు రాసినవి మూడు వేరు వేరు జబ్బులు, మూడూ ఒకే చోట కనిపిస్తున్నాయి కాబట్టి యాక్సిల్ పోయింది అనేస్తున్నారు. పైగా మామూలు జనానికి జిప్సీ అమ్మకం 2019లోనే ఆగిపోయింది, ఇప్పుడు ఏ పాత బండి నుంచి తీసిన యాక్సిల్ తెచ్చినా దాని బేరింగులూ సీళ్ళూ కూడా అరిగినవే అయ్యుండొచ్చు, అవి ఎన్ని నీళ్ళలో మునిగాయో ఎవరికీ తెలియదు.

ఊగడం సంగతి ముందు చూద్దాం, ప్రాణాల మీదికి వచ్చేది అదే. ఇది తేలేదాకా 40 దాటించకండి, ఇంట్లో వాళ్ళను ఎక్కించకండి. డ్యాంపర్ ఈ జబ్బుకు మందు కాదు. లూజు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, డ్యాంపర్ దాన్ని కొన్నాళ్ళు నొక్కి పెడుతుంది, అంతే. మీకు రెండు వారాలు బాగుండటానికి కారణం అదే.

ఖర్చు లేని పనితో మొదలుపెట్టండి. గాలి సరిచూసి, ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి, ఖాళీ రోడ్డు మీద అదే 40 లోపు నడిపి చూడండి. స్టీరింగ్‌లో వణుకు తీరు మారితే టైరులోనో రిమ్ములోనో తేడా ఉంది, బ్యాలెన్సింగ్ చేయించండి. మారకపోతే కిందికి దూరాలి. చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరిని స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపమని, మీరు డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు పోయే కడ్డీ), టై రాడ్ (రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ) ఎండ్‌ల మీద ఒక్కోదాని మీద చెయ్యి పెట్టి చూడండి, అరిగిన ఎండ్‌లో టకటకమనే ఆట (లూజు) చేతికే తెలుస్తుంది. స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కు బిగించిన బోల్టులు, స్ప్రింగు పట్టీల బుష్‌లు, యూ బోల్టులు కూడా అప్పుడే చూడండి.

తర్వాత యాక్సిల్ కింద జాకీ పెట్టి లేపి, స్టాండు వేశాక మాత్రమే, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఒకరిని బ్రేకు గట్టిగా తొక్కమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే వీల్ బేరింగ్, తొక్కినా అలాగే ఉంటే కింగ్ పిన్, అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం అటూ ఇటూ తిరిగే ఇరుసు. బ్రేకు వేస్తే డిస్కూ నకిలూ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం) ఒకటైపోతాయి, మధ్యలో ఉన్న వీల్ బేరింగ్ ఆట కనపడదు, నకిల్ పైనా కిందా ఉన్న కింగ్ పిన్ బేరింగుల ఆట మాత్రం మిగులుతుంది. ఈ ఒక్క పరీక్ష తెలియక మంచి వీల్ బేరింగులు పీకి పారేసిన బండ్లు చాలా చూశాను, నాకు నిజంగా బాధేస్తుంది.

నా అనుమానం కింగ్ పిన్ మీదే. కొన్నిసార్లు ఆట చేతికి దొరకదు, అప్పుడు టై రాడ్, డ్రాగ్ లింక్ విప్పేసి నకిల్‌ను చేత్తో మెల్లగా తిప్పాలి. నున్నగా తిరగాలి. చక్రం నేరుగా ఉండే చోటికి వచ్చేసరికి గాడిలో పడ్డట్టు ఆగితే బేరింగ్ కప్పులో గుంటలు పడ్డాయని అర్థం, ఎందుకంటే బండి జీవితమంతా ఎక్కువ నడిచేది నేరుగానే కాబట్టి రోలర్లు అక్కడే గుద్దుకుంటాయి. పక్కకు రెండు చొప్పున నాలుగు బేరింగులు, కప్పులతో సహా మార్చించండి, షిమ్‌లు (బిగువు సరిచేసే పల్చటి రేకులు) కొలిచి వేయమనండి. అందాజుగా బిగిస్తే లూజైనా అవుతుంది, స్టీరింగ్ బరువైనా అవుతుంది. బండి ఎత్తు పెంచి ఉంటే క్యాస్టర్ (కింగ్ పిన్ వాలి ఉండే కోణం) కూడా మారి ఉంటుంది, అలైన్‌మెంట్‌లో అది అడిగి చూపించుకోండి.

ఇక జిడ్డు. వేలికి అంటించుకుని వాసన చూడండి. గేర్ ఆయిల్‌కు గంధకం లాంటి ఘాటు వాసన ఉంటుంది, ఒకసారి చూస్తే మరిచిపోరు. ఆ వాసన ఉండి, పల్చగా కారుతూ, డిఫరెన్షియల్ (చక్రాలు వేరు వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ప్లగ్గు విప్పితే ఆయిల్ తగ్గి ఉంటే లోపలి ఆయిల్ సీలు పోయింది. డిఫరెన్షియల్ ఆయిల్ నకిల్‌లోకి వచ్చి గ్రీజును కరిగించి బయటికి తోస్తోంది. బయట యాక్సిల్ చివరి గుండు చుట్టూ ఉండే సీలు ఒక్కటే మార్చి పంపేస్తే నెలలో మళ్ళీ కారుతుంది. యాక్సిల్ బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం) మట్టితో మూసుకుపోయిందేమో కూడా చూడండి, లోపల వేడికి పెరిగిన ఒత్తిడి సీలునే తన్నుకుని బయటికి వస్తుంది. జిడ్డు డిస్కు మీద పడితే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది, ప్యాడ్లు తడిసి ఉంటే కడిగి వేయకండి, కొత్తవే వేయండి. కింగ్ పిన్ పనికి నకిల్ ఎలాగూ విప్పుతారు కాబట్టి సీళ్ళు కూడా అప్పుడే వేయిస్తే రెండోసారి కూలీ తప్పుతుంది. రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ బజారుకు వెళ్ళేటప్పుడు పాత సీలూ పాత బేరింగూ చేతిలో పట్టుకెళ్ళండి, నోటితో చెప్తే వేరేది అంటగట్టే అవకాశం ఉంది.

టక్ టక్ చప్పుడుకు మీ హబ్‌లే డాక్టర్లు. రెండూ ఫ్రీలో పెట్టి టూ వీల్‌లో నడపండి, అప్పుడు చక్రాలు తిరుగుతాయి గానీ లోపలి షాఫ్టులు తిరగవు, కాబట్టి ముందు నుంచి వచ్చే చప్పుడు టైరుదో వీల్ బేరింగ్‌దో బ్రేకుదో అయ్యుంటుంది. తర్వాత హబ్‌లు లాక్ చేసి, లివర్ టూ వీల్‌లోనే ఉంచి నడపండి, షాఫ్టులూ డిఫరెన్షియలూ ముందు ప్రొపెల్లర్ షాఫ్టూ బరువు లేకుండా తిరుగుతాయి, కొత్తగా గుర్రుమనేది ఏదైనా ఉంటే వాటిలో ఉంది. మూడోది మట్టి నేల మీద ఫోర్ వీల్ వేసి, నడక వేగంలో పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి. తిప్పినప్పుడు మాత్రమే, లాగుతున్నప్పుడు మాత్రమే టక్ టక్‌మంటే నకిల్ లోపలి సీవీ జాయింట్ (చక్రం మలుపు తిరిగినా షాఫ్టు బలాన్ని దానికి అందించే కీలు) అరిగింది. మీరు రాసింది సరిగ్గా ఇదే. నకిల్ విప్పినప్పుడు బాల్స్, వాటిని పట్టే గిన్నె చూడమనండి, గాట్లు పడితే ఆ పక్క జాయింట్ మార్చాలి. అప్పటిదాకా స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కకండి, జాయింట్ విరిగేది అలాంటప్పుడే.

ప్రశ్న: మా నాన్నగారి పాత మహీంద్రా జీపు. ఇంటి దగ్గర తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి చూస్తే మలుపుల్లో స్టీరింగ్ బిగుసుకుపోతోంది, బండి ఎవరో పట్టి లాగినట్టు ఆగుతోంది, లివర్ వెనక్కి రావడం లేదు. ముందు యాక్సిల్ జామ్ అయిందా?
– ఒక పాఠకురాలు, బండ్లగూడ

జవాబు: టెన్షన్ పడకండి మేడమ్, మీరు చెప్పిన దాన్ని బట్టి యాక్సిల్‌కు ఏమీ కాలేదు. ఈ జీపుల్లో ముందుకీ వెనక్కీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరగాలి, కానీ ఫోర్ వీల్ వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరగక తప్పదు. మట్టిలో అయితే టైరు కొద్దిగా జారి సర్దుకుంటుంది, పొడి తారు మీద జారలేక ఆ మెలి అంతా షాఫ్టుల్లోనే ఉండిపోయి లివర్‌ను పట్టేస్తుంది. స్టీరింగ్ నేరుగా పెట్టి కొన్ని మీటర్లు రివర్స్ చేయండి, లివర్ వచ్చేస్తుంది. నేరుగా పోతున్నా బిగుసుకుంటుంటే నాలుగు టైర్లూ ఒకే సైజులో ఉన్నాయో, ఒకే అరుగుదలలో ఉన్నాయో చూడండి.

ప్రశ్న: మొన్నటి వానలో నాగోల్ దగ్గర నీళ్ళు హబ్‌ల పై దాకా వచ్చాయి. బండి బాగానే నడుస్తోంది. ఏమైనా చూడాలా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: చూడాలి, ఈ వారమే. వేడిగా ఉన్న యాక్సిల్ నీళ్ళలో పడి ఒక్కసారి చల్లబడితే లోపల గాలి ముడుచుకుని, బ్రీదర్ నుంచో సీళ్ళ నుంచో నీళ్ళు పీల్చుకుంటుంది. డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా లూజు చేసి ఆయిల్ చూడండి, పాలు పోసిన టీ రంగులో ఉంటే మొత్తం తీసేసి జీఎల్-5 రకం గేర్ ఆయిల్‌లో మాన్యువల్ చెప్పిన గ్రేడు పోయించండి. అడుగున ముందు నీళ్ళే కారితే పోసిన కొత్త ఆయిల్‌ను కూడా కొన్ని రోజులు నడిపాక మళ్ళీ మార్చండి. హబ్ మూత విప్పి గ్రీజు కూడా చూడండి, తెల్లగా నురగలా ఉంటే బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టించాలి.